మొదటి మాటే చిరునామా

కృష్ణ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం శీక్షావల్లి. అందులో పన్నెండు అనువాకాలు ఉన్నాయి. సంప్రదాయ పాఠంలో ఆఖరి అనువాకంతో వల్లి ముగిసిపోదు. ఒక్కొక్క అనువాకం ఏ మాటతో మొదలైందో ఆ మాటను మాత్రం ఏరి, పన్నెండింటినీ వరసగా గుచ్చి చెప్పి, చివర పన్నెండు అన్న లెక్క కూడా చెబుతారు. రెండో అనువాకానికి గుర్తుగా ‘శీక్షాం’ వస్తుంది, ఐదోదానికి ‘భూః’, తొమ్మిదోదానికి ‘ఋతం’. ఇలా గుర్తుగా నిలిచే తొలి మాటను ప్రతీకం అంటారు. ఆ వరసను వాక్యంగా చదవబోతే అర్థం కుదరదు. అది సూచిక. కాగితం, పేజీ సంఖ్య లేని కాలంలో పెద్ద పాఠంలో ఏ భాగం తరువాత ఏది వస్తుందో నిలబెట్టడానికి పుట్టిన ఏర్పాటు. చివరి లెక్క ఆ సూచికకు కాపలా: చెప్పినవి పదకొండే అయితే ఎక్కడో ఒకటి జారిందని వెంటనే తెలుస్తుంది. గోదావరి డెల్టాలో ఈ అధ్యయనం నేటికీ సాగుతోంది. కోనసీమలోని తైత్తిరీయ శాఖ పండితుల జీవితాల మీద అమెరికన్ ఆచార్యుడు డేవిడ్ నైప్ ఏళ్ల తరబడి పరిశోధించి, 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అన్న పుస్తకం వెలువరించారు. ఈ అధ్యాయం కంప్యూటర్ ప్రోగ్రాములకు తయారుచేసే సూచికల గురించి. దాన్ని శీక్షావల్లితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మార్పుకు లోనయ్యే పాఠంలో ఒక చోటును దాని వరస సంఖ్యతో గుర్తుపెట్టుకోవడం కంటే, అక్కడున్న మాటతోనే గుర్తుపెట్టుకోవడం మేలు అన్నది నేను ఇక్కడ నిరూపించదలచిన సంగతి. ప్రతీకాల వరస ఆ సంగతిని ఎంతో ముందే పట్టుకుంది.

ముందు ప్రోగ్రాము సంగతి చూద్దాం. మనిషి రాసి, కంప్యూటర్ చేత పని చేయించే పాఠాన్ని సోర్స్ కోడ్ అంటాం. చిన్న ప్రోగ్రాము వంద లైన్లలో ముగుస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ 3 కోట్ల లైన్లు ఎప్పుడో దాటింది, అదంతా వేల ఫైళ్లలో పరుచుకుని ఉంది. ఇంత పాఠాన్ని ఎవరూ మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవరు. చదివేవారు ఒక చోట మొదలుపెడతారు. అక్కడ ఏదో ఒక ఫంక్షన్ పేరు తగులుతుంది. ఫంక్షన్ అంటే ఒక పనిని ఎలా చేయాలో ఒక్కసారి రాసి, దానికి పేరు పెట్టి, కావలసినప్పుడల్లా ఆ పేరుతో పిలిచే ఏర్పాటు. పిలుపులు వంద చోట్ల ఉండవచ్చు. దాని అసలు నిర్వచనం మాత్రం సాధారణంగా ఒకే చోట ఉంటుంది. ఆ చోటు మరో ఫైలులో, మరో ఫోల్డరులో ఉండవచ్చు. పేరు మీద కర్సర్ పెట్టి ఒక మీట నొక్కగానే నిర్వచనం ముందు వాలడం, చూసుకున్నాక మరో మీటతో తిరిగి ఉన్న చోటికి రావడం పాఠకుడికి కావాలి. విమ్ ఎడిటర్‌లో కంట్రోల్ మీటతో పాటు మూసే చదరపు బ్రాకెట్ నొక్కితే వెళ్తాం, కంట్రోల్‌తో ‘టీ’ నొక్కితే తిరిగి వస్తాం. ఈ రాకపోకలకు వెనక ఉండేది ట్యాగుల ఫైలు. దాన్ని తయారుచేసే పనిముట్టు పేరు సీట్యాగ్స్.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. నీటిమట్టం ఇస్తే ఎన్నో హెచ్చరికో చెప్పే ఫంక్షన్ ఒకటి రాశామనీ, దానికి ‘హెచ్చరిక’ అని పేరు పెట్టామనీ, అది ‘గోదావరి’ అనే ఫైలులో 140వ లైనులో మొదలవుతుందనీ అనుకుందాం. సీట్యాగ్స్ ఆ ఫైలును చదివి తన జాబితాలో దానికి ఒక లైను రాసుకుంటుంది. ఆ లైనులో ప్రధానంగా మూడు గడులు, గడికీ గడికీ మధ్య ఒక ట్యాబ్. మొదటి గడిలో ఫంక్షన్ పేరు, రెండో గడిలో ఫైలు పేరు ఉంటాయి. మూడో గడిలో ఏముంటుందన్నదే అసలు విషయం. 140 అన్న అంకె ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. మామూలుగా ఉండేది అది కాదు. రెండు ఏటవాలు గీతల మధ్య, ఆ నిర్వచనం మొదలయ్యే లైను పాఠమే అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. అంటే నిర్వచనానికి దాని తొలి లైనే చిరునామా అయింది. ఎడిటర్ ఆ ఫైలు తెరిచి, ఆ పాఠం ఎక్కడుందో వెతికి, అక్కడ వాలుతుంది. వేదపాఠకుడు అనువాకాన్ని తొలి మాటతో పట్టుకున్నట్టే, ఎడిటర్ ఫంక్షన్‌ను తొలి లైనుతో పట్టుకుంటుంది.

ఈ ఎంపిక నిన్నమొన్నటిది కాదు. సీట్యాగ్స్‌ను అమెరికాలోని బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ రాశారు. 1970ల చివర బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు అది బయటికి వచ్చింది. ఫోర్‌ట్రాన్ భాషకు జిమ్ క్లెక్నర్, పాస్కల్ భాషకు బిల్ జాయ్ దానిలో చోటు కల్పించారు. బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటరే ఆ సూచికను మొదట వాడుకున్నది. 1996లో డారెన్ హీబర్ట్ ఎగ్జూబరెంట్ సీట్యాగ్స్ పేరుతో దాన్ని విస్తరించారు. ఇప్పుడు యూనివర్సల్ సీట్యాగ్స్ పేరుతో మసతాకే యమాటో తదితరులు నడుపుతున్న రూపం వందకు పైగా భాషలను చదువుతుంది. ఇన్నేళ్లలో భాషలు మారాయి, యంత్రాల వేగం వేల రెట్లు పెరిగింది. మూడో గడిలోని పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

అది ఎందుకు నిలిచిందో తెలియాలంటే మన ఉదాహరణ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఎవరో వచ్చి ‘హెచ్చరిక’కు పైన పన్నెండు లైన్లు కొత్తగా రాశారు. ఇప్పుడు అది 152వ లైనులో ఉంది. సూచికలో 140 అని రాసుకుని ఉంటే, ఎడిటర్ 140వ లైనులోనే వాలుతుంది. అక్కడ మరో ఫంక్షన్ నడుమ భాగం ఉంటుంది. తాను తప్పు చోటికి వచ్చానని ఎడిటర్‌కు తెలియదు, హడావిడిలో ఉన్న మనిషికీ తెలియకపోవచ్చు. సూచికలో లైను పాఠం ఉంటే పైన ఎన్ని లైన్లు చేరినా వెతుకులాట సరైన చోటుకే తీసుకుపోతుంది. ఆ లైనునే ఎవరైనా మార్చేస్తే పాఠం దొరకదు. అప్పుడు విమ్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా మరచి మరోసారి వెతుకుతుంది. అదీ కుదరకపోతే ఫంక్షన్ పేరును ఆసరాగా పట్టుకుని ఒక చోటు చూపిస్తూ, ట్యాగు దొరకలేదు, ఇది కేవలం ఊహ అని తెర మీద స్పష్టంగా చెబుతుంది. అంకె మీద ఆధారపడిన సూచిక తప్పినప్పుడు మౌనంగా తప్పుతుంది, పాఠం మీద ఆధారపడిన సూచిక తప్పినప్పుడు బయటపడి చెబుతుంది. సూచికలన్నీ ఏదో ఒకనాడు పాతబడేవే కాబట్టి, తప్పినప్పుడు ఏది ఎలా ప్రవర్తిస్తుందన్నదే వాటికి అసలు పరీక్ష.

గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఈ వాదన కొత్తగా అనిపించదు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిన నది ప్రతి పెద్ద వరదకూ ఒక చోట ఒడ్డును కోసి, మరో చోట మేట వేస్తుంది. లంక భూమి నిరుడు ఉన్నట్టు ఈ ఏడు ఉండదు. ఆస్తి దస్తావేజు షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణంతో ఊరుకోకుండా తూర్పున ఎవరి చేను, పడమర ఏ కాలువ, ఉత్తరాన ఏ గట్టు, దక్షిణాన ఏ బాట అని నాలుగు హద్దులూ రాయిస్తారు. విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరనప్పుడు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇవ్వడం మన కోర్టుల్లో స్థిరపడిన పద్ధతి. అంకె రాసేటప్పుడు ఒక పొరపాటు పడితే దాన్ని చూసి ఎవరూ పసిగట్టలేరు. నాలుగు హద్దుల్లో ఒకటి తప్పయితే మిగతా మూడూ అది తప్పని చెబుతాయి. ఈమాక్స్ ఎడిటర్ వాడే ఈట్యాగ్స్ సరిగ్గా దస్తావేజులాగే రెండూ రాసుకుంటుంది: నిర్వచనం ఫైలులో ఎన్నో లైనులో, ఎన్నో బైటు దగ్గర ఉందో ఆ అంకెలు, వాటితో పాటు ఆ లైను పాఠం. వెతికేటప్పుడు అంకె చెప్పిన చోటుకు వెళ్లి, అటూ ఇటూ వెయ్యి అక్షరాల మేర పాఠం కోసం చూస్తుంది. దొరకకపోతే ఆ పరిధిని మూడు రెట్లు చేస్తుంది, మళ్లీ మూడు రెట్లు చేస్తుంది. అంకె ఎటు వెళ్లాలో చెబుతుంది, చేరిన చోటు సరైనదేనని పాఠం రుజువు చేస్తుంది.

తెలుగు పుస్తకాల్లో దీనికి మరో సాక్ష్యం ఉంది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ మొదలుపెట్టిన ఆంధ్ర మహాభారతం ఎన్నో తాళపత్ర ప్రతుల గుండా, ఎన్నో ముద్రణల గుండా మన దాకా వచ్చింది. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరో ప్రతిలో ఉండకపోవచ్చు. పరిష్కర్త ఒక పద్యాన్ని ప్రక్షిప్తమని తీసేస్తే ఆ ఆశ్వాసంలో ఆపైన వచ్చే పద్యాల సంఖ్యలన్నీ ఒకటి చొప్పున వెనక్కి జరుగుతాయి. పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్యలతో ఇచ్చిన ఉదాహరణ ఇంకో ముద్రణలో పక్క పద్యాన్ని చూపే ప్రమాదం ఇలా వస్తుంది. అందుకే మన కావ్యాల మంచి ముద్రణల చివర పద్యాల మొదటి మాటలను అకారాది క్రమంలో కూర్చిన పద్యసూచిక ఉంటుంది. పద్యం ఎత్తుగడ తెలిసినవారు ఏ ముద్రణ చేతికి తీసుకున్నా దాని చివరి పుటలు తిప్పి పద్యాన్ని పట్టుకోగలరు. సంఖ్య ఒక్క ముద్రణకే చెందుతుంది, ఎత్తుగడ పద్యానికి చెందుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. రెండు పద్యాలు ఒకే మాటతో మొదలైతే? రెండు ఫంక్షన్లకు ఒకే పేరుంటే? ఇది నిజమైన చిక్కే, శీక్షావల్లిలోనే అది ఎదురవుతుంది. పన్నెండు అనువాకాల్లో మొదటిదీ చివరిదీ ఒకే శాంతి మంత్రంతో మొదలవుతాయి. వాటి మధ్య తేడా క్రియల్లో ఉంది: మొదటిది పలకబోతాననీ, కాపాడాలనీ అంటుంది, చివరిది పలికాననీ, కాపాడిందనీ అంటుంది. తొలి మాటతో మాత్రమే పట్టుకుంటే రెండూ ఒకటే. సంప్రదాయం ఈ చిక్కును వరసతో విప్పింది. సూచికలో ఆ ప్రతీకం మొదట ఒకసారి, చివర ఒకసారి వస్తుంది, అందువల్ల ఏది ఏదో తెలుస్తుంది. ట్యాగుల ఫైలు చేసేదీ ఇలాంటిదే. ఒకే పేరుతో నాలుగు నిర్వచనాలుంటే నాలుగింటికీ వేర్వేరు లైన్లు రాసుకుంటుంది. అది ఫంక్షనా, చరరాశా, ఏ క్లాసులో పుట్టింది అన్న వివరాలను అదనపు గడుల్లో చేరుస్తుంది. ఎడిటర్ ఆ నాలుగింటినీ ముందుంచి, ఎంపికను మనిషికి వదులుతుంది. మొదటి మాట ఒక్కటే ప్రతిసారీ చాలదని ఒప్పుకోవాల్సిందే. అది చాలనప్పుడు పక్కనే మరో గుర్తు చేర్చాలి తప్ప, సులువని వట్టి అంకెకు దిగకూడదు.

సూచిక పని చేయడానికి మరో నియమం ఉంది: పేర్చిన క్రమమూ వెతికే క్రమమూ ఒకటే కావాలి. ట్యాగుల ఫైలును అక్షరక్రమంలో పేరుస్తారు. ఎడిటర్ నడిమి లైను చూసి, కావలసిన పేరు ముందుందో వెనకుందో తేల్చుకుని, సగం జాబితాను వదిలేస్తుంది. మిగిలిన సగంలో మళ్లీ అదే పని చేస్తుంది. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మన చేతులు చేసేది కూడా ఇదే. ఇలా సగానికి సగం తగ్గించుకుంటూ పోతే 10 లక్షల పేర్లలో ఒక పేరు దొరకడానికి దాదాపు 20 అడుగులు చాలు. ఈ వేగమంతా క్రమం మీద ఉన్న నమ్మకం నుంచి వస్తుంది. మన వర్ణమాలలో పిల్లలు ‘హ’ తరువాత ‘ళ’, ‘క్ష’, ‘ఱ’ చదువుకుంటారు. యూనికోడ్ పట్టికలో మాత్రం ‘ఱ’ స్థానం ‘ర’ వెంటనే, ‘ళ’ స్థానం ‘ల’ వెంటనే, ‘వ’ కంటే ముందే. బడిలో నేర్చిన క్రమంలో పేర్చిన జాబితాను యంత్రం తన క్రమంలో వెతికితే, జాబితాలో ఉన్న మాట కూడా లేదనే వస్తుంది. ఏ క్రమంలో పేర్చారన్నది ట్యాగుల ఫైలు తలభాగంలోనే రాసి ఉంచడం ఈ ప్రమాదానికి విరుగుడు.

రెండో అభ్యంతరం ఇంకా సహజమైనది. నేటి కంప్యూటర్ లక్షల లైన్లను కన్ను మూసి తెరిచేలోగా గాలిస్తుంది కదా, సూచిక ఎందుకు? దీనికి జవాబు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజుల పుస్తకాలతో పాటు వాటికి సూచికలు కూడా ఉండాలని శాసించింది. స్థిరాస్తి దస్తావేజులకు మనుషుల పేర్లతో ఒక సూచిక, ఆస్తి వివరాలతో మరో సూచిక. మనం తీసుకునే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కు (ఈసీకి) ఆధారం ఆ ఆస్తి సూచికే. ఒక సర్వే నంబరు పక్క చేను దస్తావేజులో హద్దుగా వస్తుంది, ఎదుటి చేను దస్తావేజులో కాలువ గట్టు వివరంలో వస్తుంది. వట్టి గాలింపు ఆ ప్రస్తావనలన్నింటినీ కుప్పగా పోస్తుంది. ఆ చేను చేతులు మారింది ఎప్పుడన్నది సూచిక చెబుతుంది. సోర్స్ కోడ్‌లో కూడా ‘హెచ్చరిక’ అని గాలిస్తే పిలిచిన ప్రతి చోటూ, వ్యాఖ్యల్లో రాసుకున్న ప్రతి చోటూ వస్తాయి. ప్రస్తావనకూ నిర్వచనానికీ తేడా తెలియాలంటే ఆ భాష వ్యాకరణం కొంతైనా తెలియాలి. సీట్యాగ్స్ ఆ వ్యాకరణంతో ఒక్కసారి చదివి, దొరికిన జవాబును దాచిపెడుతుంది. గాలింపు పాఠాన్ని వెతుకుతుంది, సూచిక ముందే చేసిన చదువును అందిస్తుంది. రెండూ కావాలి, ఒకటి చేసే పని మరొకటి చేయదు.

మూడో అభ్యంతరం నేటి ప్రోగ్రామర్లది. 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించింది. ఈ పద్ధతిలో ఎడిటర్ వెనక ఒక భాషా సర్వర్ నడుస్తూ ప్రోగ్రామును లోతుగా అర్థం చేసుకుంటుంది. ఒకే పేరున్న నాలుగు ఫంక్షన్లలో ఇక్కడ పిలిచింది ఏదో చాలాసార్లు అదే తేలుస్తుంది. అలాంటప్పుడు ట్యాగులు పాత సామానే కదా? ఈ మాటలో నిజం ఉంది. అర్థం తెలిసిన సర్వర్ ఇచ్చే జవాబు పేరు మాత్రమే తెలిసిన సూచిక జవాబు కంటే కచ్చితమైనది, అది ఉన్న చోట దాన్నే వాడాలి. అయితే ఆ ప్రోటోకాల్ చోటును ఎలా చెబుతుందో గమనించాలి: ఎన్నో లైను, అందులో ఎన్నో అక్షరం అన్న అంకెలతో. అంకెలు మౌనంగా తప్పుతాయని ఇందాక అనుకున్నాం. ఇక్కడ అవి తప్పకపోవడానికి కారణం, మీరు ఒక అక్షరం కొట్టినా, చెరిపినా ఎడిటర్ ఆ మార్పును వెంటనే సర్వర్‌కు తెలియజేస్తూ ఉండడం. రెండు వైపులా పాఠం క్షణం క్షణం ఒకటిగా ఉంటుంది కాబట్టే అంకె చెల్లుతుంది. అంటే ఈ కొత్త పద్ధతి నా వాదనను కొట్టివేయడం లేదు, దాని షరతును తేటపరుస్తోంది: అంకెతో చిరునామా రాసుకోవాలంటే ప్రతి కదలికనూ కనిపెట్టే కాపలాదారు ఉండాలి. కాపలా పెట్టలేని చోట్లు ఎన్నో ఉన్నాయి. సగంలో ఆగిన ప్రోగ్రాము, కావలసిన సరంజామా లేక కంపైల్ కాని పాత ప్రోగ్రాము, నాలుగు భాషలు కలిసిన ప్రాజెక్టు, మెమరీ తక్కువున్న కళాశాల ప్రయోగశాల కంప్యూటర్ అలాంటివి. అక్కడ ట్యాగుల ఫైలు ఇప్పటికీ నమ్మకంగా పని చేస్తుంది. లినక్స్ కెర్నెల్‌లో ట్యాగులు తయారుచేసే ఆదేశం నేటికీ ఉంది.

ఇంతవరకు సూచిక ఎలా ఉండాలో చూశాం. దాన్ని ఎలా చూసుకోవాలన్నది మిగిలింది. పిఠాపురం మహారాజా సూర్యారావు పోషణలో, జయంతి రామయ్య పంతులు పూనికతో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తెలుగు మాటలకు కావ్యాల నుంచి ప్రయోగాలను ఏరి కూర్చిన మహాకార్యం. దాన్ని ప్రచురించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో పుట్టింది, ఆ నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. మనుషులు కావ్యాలు చదివి, మాటలు ఏరి, చోటు రాసి, అకారాదిగా పేర్చిన సూచికకు ఎన్ని ఏళ్ల శ్రమ పడుతుందో ఆ రెండు తేదీలు చెబుతాయి. అలాంటి సూచికను మనం ప్రాణంలా కాపాడుకుంటాం, అది సబబే. ట్యాగుల ఫైలు సంగతి వేరు. అది కొన్ని క్షణాల్లో పుడుతుంది. దాన్ని చేత్తో దిద్దడం, ఏళ్ల తరబడి అదే వాడడం, మూలంతో పాటు భద్రపరిచి అందరికీ పంచడం పొరపాట్లు. మూలం మారిన ప్రతిసారీ పాతదాన్ని పారేసి కొత్తది పుట్టించాలి. ఆ పనిని మనిషి జ్ఞాపకానికి వదలకుండా, మార్పును భద్రపరిచే ప్రతిసారీ దానంతటదే జరిగేలా అమర్చాలి. సూచికకు సొంత సత్యం ఉండదు. దానిలో ఉన్నదంతా మూలం నుంచి తెచ్చుకున్నదే.

కాకినాడలోనో, రాజమండ్రిలోనో, అమలాపురంలోనో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులకు ఒక మాట. మీరు రాసిన వంద లైన్లను వదిలి, ఎవరో రాసిన లక్ష లైన్ల ప్రోగ్రామును ఒకటి దించుకోండి. దాని ఫోల్డరులో సీట్యాగ్స్ ఆదేశాన్ని, లోపలి ఫోల్డర్లన్నీ చదివే ఎంపికతో ఒక్కసారి నడపండి. పుట్టిన ఫైలును తెరిచి, మూడో గడిలో ఏముందో మీ కళ్లతో చూడండి. తరువాత ఒక పేరు మీద కర్సర్ పెట్టి దాని నిర్వచనానికి వెళ్లండి, అక్కడి నుంచి మరోదానికి, తిరిగి వెనక్కి. పెద్ద ప్రోగ్రాములు చదవడం అలా అలవాటవుతుంది, చదవడం వచ్చాకే మంచివి రాయడం వస్తుంది. తెలుగు పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తెస్తున్నవారికీ ఒక విన్నపం. పుటల బొమ్మలు ఎక్కించడంతో పని పూర్తి కాదు. పద్యాల ఎత్తుగడలతో, వ్యాసాల పేర్లతో ఒక సూచిక కూడా పుట్టించి జత చేయండి. పుట సంఖ్యలు రేపటి ముద్రణలో మారతాయి, పద్యం మొదటి మాట మారదు.